తెరవెనుక బాకాలు ఇంటిలోనికి

లౌడు స్పీకరు బాకా అనగానే మనకు స్ఫురించునది పందిరి గుంజకో, వేపచెట్టు కొమ్మకో కట్టిన మైకు సెట్టు. పెండ్లిండ్లలోను, తిరునాళ్లలోను, ఎన్నికల దినములలోను దాని గొంతు వినని వారుండరు. అది ఊరి చివరకు వినబడును. కాని దగ్గర నిలిచి వినుటకు ఇంపుగా నుండదు. అట్టి బాకానే, అంతకు ఎన్నో రెట్లు పెద్దదానిని, కోరి తెచ్చి కూర్చుండు గదిలో నిలుపుకొని, దానినుండి గాత్రమును, వాద్యమును విని ఆనందించు వారు కలరనిన ఎవరికైనను వింతగా తోచును. అమెరికాలోను, ఐరోపాలోను, ముఖ్యముగా జపానులోను ఇట్టివారు పెక్కురు కలరు. వారు వెదకునవి అంగడిలో దొరకు కొత్త సరకులు కావు. అవి ఒకప్పుడు సినిమా హాళ్లలో తెరవెనుక నిలిచినవి, లేదా వాటి పోలికతో సంపన్నుల ఇండ్లకై చేయబడినవి. వానిలో పెక్కింటి తయారీ నిలిచిపోయి దశాబ్దములు గడచినవి. కొన్ని మన ఇనుప బీరువాల కంటె పెద్దవి.

దీనిని వట్టి వెర్రి అని త్రోసివేయుటకు వీలులేదు. ఈ అభిమానము వెనుక ఒక శాస్త్రమును, ఒక చరిత్రయు కలవు. ఆ రెండింటిని తెలిసికొనినచో, మన ఇంటి రేడియోలోని చిన్న స్పీకరు ఏమి చేయగలదో, ఏమి చేయజాలదో కూడ బోధపడును.

స్పీకరులో ఒక పొర కలదు. విద్యుత్తు దానిని ముందునకు వెనుకకు కదలించును. అది గాలిని కదలించును. ఆ గాలి కదలికయే మన చెవికి శబ్దము. ఇందు చిక్కొకటి కలదు. పొర బరువైనది, గాలి మిక్కిలి తేలికైనది. బలశాలి ఒకడు రాతిని విసరినచో అది దూరముగా పోయి పడును. అదే చేతితో దూదిపింజను విసరినచో మూరెడు దూరమైనను పోదు. చేతిలో బలము లేక కాదు. ఆ బలమును అందుకొనుటకు దూదిలో బరువు లేదు. విడిగా నున్న పొరకును గాలికిని గల సంబంధము ఇట్టిదే. అందుచేతనే సాధారణపు స్పీకరులో మనమిచ్చు విద్యుచ్ఛక్తిలో నూటికి ఒక పాలు మాత్రమే శబ్దమగును. తక్కినదంతయు వేడియై పోవును.

పొర ముందు ఒక సన్నని గొట్టము నమర్చి, దానిని క్రమముగా విశాలము చేయుచు పోయినచో ఈ చిక్కు తీరును. సన్నని గొంతులో చిక్కిన గాలి ఇటునటు తప్పించుకొనజాలక, పొర త్రోపును పూర్తిగా అందుకొనును. ఆ ఒత్తిడి గొట్టము వెంబడి నడచుచు, కొలది కొలదిగా విస్తరించి, వెడల్పైన నోటికడ బయటి గాలితో కలిసిపోవును. దూరమున నున్న మనిషిని పిలుచునపుడు మనము నోటికిరువైపుల అరచేతులు దోనె చేసి పట్టుటలోని ఉపాయమిదియే. సన్నాయి చివర విచ్చుకొనిన పువ్వు వంటి అంచునకును, కొమ్ముబూర ఆకారమునకును కారణమిదియే. మంచి బాకా గల స్పీకరు తనకిచ్చిన శక్తిలో నూటికి ఇరువది ముప్పది పాళ్లను శబ్దముగా మార్చగలదు. గొట్టము ఎట్లు విశాలము కావలెను అనుదానికి లెక్క కలదు. ప్రతి సమాన దూరమునకు వైశాల్యము ఒకే నిష్పత్తిలో పెరుగవలెను. అనగా చక్రవడ్డీ పెరిగినట్లే. మొదట మెల్లగా, పోను పోను వేగముగా.

అట్లయినచో మైకు సెట్టు గొంతు ఏల కర్కశముగా నుండును? దానికి కారణము దాని నోరు చిన్నదగుటయే. బాకా ఒక స్వరమును చక్కగా పలుకవలెనన్నచో, దాని నోటి చుట్టుకొలత ఆ స్వరపు తరంగము పొడవుతో ఇంచుమించు సమానముగా నుండవలెను. శబ్దము గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. 16 అంగుళముల నోరు గల మైకు బాకా చుట్టుకొలత మీటరుంబావు. లెక్క చూడగా అది సెకనుకు సుమారు 270 కంపనములకు దిగువనున్న స్వరములను సరిగా పలుకజాలదు. ఒకటవ శ్రుతిలో పాడు గాయకుని షడ్జమమో 131 కంపనములు మాత్రమే. కనుక ఆ గొంతులోని నిండుదనము బాకాలోనే ఆగిపోయి, పైగీర మాత్రము బయటకు వచ్చును. మృదంగము తొప్పి నాదము సంగతి చెప్పనే యక్కరలేదు. ఇక 50 కంపనముల మంద్రస్వరము వరకు పలుకవలెనన్నచో తరంగము పొడవు దాదాపు 7 మీటర్లు. బాకా నోరు ఏడడుగుల పైచిలుకు వెడల్పుండవలెను. కనుక దోషము బాకాది కాదు, దానిని కురుచ చేయుటది. పెద్ద బాకాల కథ అంతయు ఈ ఒక్క లెక్కనుండి పుట్టినదే.

గ్రామఫోనుకు బాకా ఉండుట మనకు తెలిసినదే. విద్యుత్తు లేని ఆ యంత్రములో సూది కదలికను ఇల్లంతయు వినిపించుటకు వేరు దారి లేదు. 1915 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరములో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అను వారలు తీగచుట్టతో కదలు పొరకు బాకాను అమర్చి, విద్యుత్తు సాయముతో వేలాది జనులకు సంగీతమును, ఉపన్యాసములను వినిపించిరి. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనువారు బాకా లేకయే పలుకు కాగితపు శంకువు గల స్పీకరును వివరించిరి. మన రేడియోలలోని స్పీకర్లన్నియు దాని సంతతియే. అది చిన్నది, చవుకైనది, చెవికింపైనది. కాని శక్తిని విశేషముగా తినును.

సరిగా ఆ కాలముననే సినిమాకు మాట వచ్చినది. 1926లో వెస్టరన్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు రూపొందించిన శబ్దపద్ధతితో అమెరికాలో సంగీతము జోడించిన చిత్రములు ప్రదర్శింపబడెను. అప్పటి వాల్వుల శక్తి బహు స్వల్పము. తరువాత ప్రసిద్ధి చెందిన 300బి అను వాల్వు కూడ ఒంటిగా పనిచేయునపుడు ఇచ్చునది సుమారు 8 వాట్లు. అంతటి కొద్దిపాటి శక్తితో వందలకొలది ప్రేక్షకులున్న హాలును నింపవలెను. కావున బాకా తప్ప గతి లేదు. ఎడ్వర్డ్ వెంటె, ఆల్బర్ట్ తురాస్ అను శాస్త్రజ్ఞులు రూపొందించిన 555 అను డ్రైవరు, దానికి జోడించిన మనిషెత్తు చెక్కబాకాలు ఈ అవసరమునుండి పుట్టినవే. డ్రైవరనగా బాకా గొంతుకడ నుండి నాదమును పుట్టించు యంత్రభాగము. నత్తగుల్ల వలె చుట్టుకొని పోవు ఆ చెక్కబాకాలు నేడు అభిమానుల లోకములో పురాతన విగ్రహముల వలె గౌరవము పొందుచున్నవి.

అయితే పెద్ద బాకాకు పెద్ద లోపము కూడ నుండెను. మంద్రస్వరములకు పొడవైన బాకా, తారస్వరములకు పొట్టి బాకా అని రెండు వాడినపుడు, ఒకే శబ్దము రెండు దారుల నడచి వేరువేరు సమయములకు చెవి చేరును. ఒక అడుగు తేడాకు సెకనులో వెయ్యవ వంతు జాగు కలుగును. 1930 దశకములో హాలీవుడ్ నందలి ఎం.జి.ఎం. స్టూడియోలో నాట్యకత్తె పాదపు తాటింపు ఒకటి రెండుగా వినవచ్చుట గమనించి, దానికి కారణమిదియే అని కనుగొనిరి. డగ్లస్ షీరర్, జాన్ హిలియార్డ్ ప్రభృతులు రెండు దారులను సమానము చేసి కొత్త పద్ధతిని నిర్మించిరి. దానికి 1936 సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారము లభించెను. ఆ పనిలో పాల్గొనిన జేమ్స్ లాన్సింగు తరువాత ఆల్టెక్ లాన్సింగు సంస్థలో పనిచేసెను. 1945లో ఆ సంస్థ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' అను పేర వెలువరించిన స్పీకర్లు అమెరికాలో అసంఖ్యాకములైన సినిమా హాళ్లలో నెలకొనెను. లాన్సింగు 1946లో విడిపోయి సొంత సంస్థ స్థాపించెను. దానినే నేడు జె.బి.ఎల్. అందురు.

ఇది ఇంటిలోనికి ఎట్లు వచ్చెను? అందుకు పాల్ క్లిప్ష్ అను ఇంజనీరు ఉపాయము ముఖ్యమైనది. గది మూలలో రెండు గోడలు, ఒక నేల కలిసికొనును. ఆ మూలయే ఒక పెద్ద బాకా నోటి వంటిదని ఆయన గ్రహించెను. పెట్టెలో బాకాను మడతలుగా మడచి, చివరి భాగమునకు ఇంటి గోడలనే వాడుకొనినచో, బాకాను ఎంతో చిన్నది చేయవచ్చును. ఆ ఉపాయమునకు 1943లో ఆయనకు పేటెంటు లభించెను. 1946లో ఆర్కాన్సా రాష్ట్రములోని హోప్ అను చిన్న ఊరిలో ఆయన సంస్థ నెలకొనెను. దాని మూల స్పీకరు నేటికిని తయారగుచున్న అరుదైన వానిలో ఒకటి. తక్కినవాని భాగ్యము అట్టిది కాదు. ఇంగ్లండులో 1953లో వెలువడిన టానాయ్ వారి ఆటోగ్రాఫ్, అమెరికాలో 1954లో వెలువడిన జె.బి.ఎల్. వారి హార్ట్స్‌ఫీల్డ్ మూలలో నిలుచు సొగసైన బాకా పెట్టెలు. 1957లో వచ్చిన పారగాన్ ఎనిమిదిన్నర అడుగుల పొడవు, 300 కిలోలకు పైబడిన బరువు గల ఒకే కొయ్య సామాను. ఇరువైపుల బాకాల నాదమును మధ్యనున్న వంపు పలక గది అంతట వెదజల్లును. దాని తయారీ 1983లో ముగిసెను.

ఇంత గొప్పవి ఏల మరుగుపడినవి? మూడు కారణములు కలవు. 1954లో ఎడ్గార్ విల్చర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు గాలి చొరని చిన్న పెట్టెలో లోపలి గాలినే స్ప్రింగుగా వాడి మంద్రస్వరమును పలికించు మార్గము చూపెను. 1958లో స్టీరియో రికార్డులు బజారులోనికి వచ్చెను. అనగా ఒక స్పీకరు చాలదు, రెండు కావలెను. రెండు ఖాళీ మూలలు అందరి ఇండ్లలోను ఉండవు గదా! అటుపిమ్మట ట్రాన్సిస్టర్లు వచ్చి వాట్లు చవుకయ్యెను. ఇక్కడ ప్రకృతి నియమమొకటి గమనింపదగినది. చిన్న పెట్టె, లోతైన మంద్రస్వరము, తక్కువ శక్తితో బిగ్గరగా పలుకుట, ఈ మూడింటిలో రెండింటిని మాత్రమే పొందవచ్చును. అవ్వయు కావలెను, బువ్వయు కావలెను అన్నచో కుదరదు. బాకా నిర్మాతలు పెట్టె పరిమాణమును వదలుకొని శక్తిని పొదుపు చేసిరి. కొత్త తరమువారు శక్తిని ధారపోసి పెట్టెను చిన్నది చేసిరి. వాట్లు చవుకగా నున్నపుడు ఆ బేరము న్యాయమైనదే. ఇరుకు గదులలో నివసించు కోట్లాది జనులకు మంచి సంగీతము దక్కినది ఆ బేరము వలననే.

కాని ఆ బేరములో చేజారినది ఏదియో కలదని అభిమానులు చెప్పుదురు. వారి మాటను లెక్కలో చూతము. నేటి చిన్న పెట్టె స్పీకరునకు ఒక వాటు ఇచ్చినచో మీటరు దూరమున సుమారు 85 డెసిబెల్లు పలుకును. పెద్ద బాకా 105 డెసిబెల్లు వరకు పలుకును. ఈ 20 డెసిబెల్ల తేడా శక్తిలో నూరు రెట్లు. కచేరీలో మృదంగముపై హఠాత్తుగా పడిన దెబ్బ సగటు నాదము కంటె 20 డెసిబెల్లు మించవచ్చును. సగటున అర వాటుతో నడచుచున్న చిన్న స్పీకరునకు ఆ క్షణమున 50 వాట్లు కావలెను. దాని తీగచుట్ట వేడెక్కును, పొర తన హద్దు వరకు ఊగును, దెబ్బ మొనదేరక మొద్దుబారును. అదే శబ్దమునకు బాకా స్పీకరులో కావలసినది అర వాటు. దాని పొర కదలినట్లే కనబడదు. ఎంత తక్కువగా కదలినచో అంత తక్కువగా నాదము వికృతి చెందును. కనుకనే గాయకుడు శ్వాస తీయుటనుండి తారస్థాయి ఎత్తుగడ వరకు శ్రమ లేక వచ్చినట్లుండును. ఇది కేవలము పాతవస్తువులపై మమకారము చేత పుట్టిన భ్రమ కాదు, కొలువదగిన సత్యము.

జపానులో ఈ అభిరుచికి ఒక సామాజిక స్థానము కూడ ఏర్పడినది. అచ్చటి జాజ్ కాఫీ హోటళ్లలో ఒక కప్పు కాఫీ తెప్పించుకొని, మాటలు కట్టిపెట్టి, ఆల్టెక్, జె.బి.ఎల్. వంటి పెద్ద స్పీకర్ల ఎదుట కూర్చుండి రికార్డులు వినుట ఒక ఆచారము. విదేశపు రికార్డులు ప్రియమైనవై, ఇండ్లు ఇరుకైన దినములలో ఈ హోటళ్లు విద్యార్థులకు సంగీత విద్యాలయములయ్యెను. ఒకనాడు మన ఊళ్లలో పంచాయతీ రేడియో ఎదుట పదిమంది కూడి వినుటకును దీనికిని పోలిక కలదు. పెద్ద స్పీకరు పదిమందిని ఒకచోట కూర్చుండబెట్టును.

గుణములు చెప్పినపుడు దోషములు దాచరాదు. బాకాలు కొన్ని స్వరములను తమ ఆకారమును బట్టి ఎక్కువగా పలుకును. వినువారికి అరచేతులలో నుండి మాటలాడినట్లు తోచును. తారస్వరములు ఎదురుగా నున్నవారికే చక్కగా వినబడి, ప్రక్కకు జరిగిన వారికి తగ్గిపోవును. మంద్ర తార భాగములు కలిసి ఒకటిగా వినబడుటకు దూరము కావలెను; పదడుగుల గదిలో కూర్చుండినచో గాత్రము ఒకచోటినుండి, మృదంగము మరియొకచోటినుండి వచ్చినట్లుండును. అన్నింటికంటె ముఖ్యముగా, పాతదైనంత మాత్రమున ప్రతిదియు గొప్పది కాదు. తెరవెనుక హాలు చివరి వరుసకు వినిపించుటకై చేయబడినది కూర్చుండు గదికి తగును అను నియమము లేదు.

ఈ కోరిక కలవారు కొన్ని సంగతులు ముందుగా చూచుకొనవలెను. మొదట ద్వారము కొలత, మేడ మెట్ల మలుపు, నేల బలము. పిదప ఇంటిలోని తక్కిన వారి సమ్మతి. గది అందరిదియు కదా. ఒకరి ఆనందమునకై పిల్లలు చదువుకొను మూల పోయినచో ఆ సంగీతము ఇంటికి ఇంపు కాదు. స్పీకరు సున్నితమైనది గనుక, ఆంప్లిఫయరులో మామూలుగా వినబడని గుయ్యిమను రొద బాకాలో స్పష్టముగా వినవచ్చును. కనుక తక్కువ వాట్లైనను నిశ్శబ్దముగా పనిచేయు ఆంప్లిఫయరు కావలెను. అమెరికా యంత్రములు పెక్కు 110 వోల్టులకు చేయబడినవి. మన 230 వోల్టులకు నేరుగా తగిలింపరాదు. బహు పురాతనములైన కొన్నింటిలో శాశ్వతపు అయస్కాంతము లేదు. తీగచుట్టకు విడిగా విద్యుత్తు ఇచ్చి అయస్కాంతము పుట్టింపవలెను. కొన్నింటిలో ఆ విద్యుత్తు వందల వోల్టులుండును గనుక తెలియనివారు చేయి పెట్టరాదు. డ్రైవరులోని పలుచని లోహపు పొర మారినదా, అసలుదా అని విచారింపవలెను. బయట ఎంత మెరుగు పెట్టినను ప్రాణమంతయు ఆ పొరలోనే కలదు. చివరగా చెవి మాట. నాదము వికృతి చెందినపుడు ఇది మితిమీరినదని మనకు తెలియును. బాకాలో ఆ హెచ్చరిక ఉండదు. ఎంత బిగ్గరగా నున్నను తేటగానే ఉండును. 85 డెసిబెల్లు మించిన చప్పుడును గంటల తరబడి వినుట చెవికి కీడు.

ఇట్టి వస్తువులను కాపాడుట ఏల అను ప్రశ్న మిగిలియున్నది. దానికి లండను సైన్సు మ్యూజియము చరిత్ర సమాధానము చెప్పగలదు. 1930 ప్రాంతమున ఆ మ్యూజియములో ఆర్.పి.జి. డెన్మన్ అను అధికారి 27 అడుగుల పొడవు, ఏడడుగుల చదరపు నోరు గల బాకాను నెలకొల్పి, దానికి వెస్టరన్ ఎలక్ట్రిక్ డ్రైవరును అమర్చి, బి.బి.సి. ప్రసారములను ప్రజలకు వినిపించెను. సెకనుకు 32 కంపనముల వరకు అది దిగగలదు. ఇంటి రేడియోలో సన్నగా వినబడు ప్రసారములో నిజముగా ఎంత నాదము దాగియున్నదో జనులకు చూపుటయే దాని ప్రయోజనము. 1949లో ఆ బాకా ప్రమాదవశమున దాదాపు పూర్తిగా ధ్వంసమయ్యెను. ఆరు దశాబ్దములు దాటిన పిమ్మట, 2014లో, అలెక్స్ కోల్కావ్‌స్కీ అను శబ్దకళాకారుని పూనికతో దానిని మరల నిర్మించి వినిపించిరి. ఆనాటివారు ఏమి వినిరో మాటలలో వ్రాసి పెట్టిన కాగితములు ఎన్ని యున్నను చాలవు. ఆ యంత్రము పలికిననే అది తెలియును.

మన పట్టణములలోను పాత టాకీసులు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. కొన్ని కల్యాణమండపములైనవి, కొన్ని నేలమట్టమైనవి. ఆ తెరల వెనుక పాతకాలపు బాకాయో, డ్రైవరో మిగిలియున్నచో, అది కొననున్న పాత ఇనుము వ్యాపారికి అందులో అయస్కాంతపు లోహము, రాగితీగ మాత్రమే కనబడును. తూకము వేసి అమ్మినచో కొద్దిపాటి సొమ్ము వచ్చును గాని, ఒకసారి పగులగొట్టిన పిదప దానిని మరల చేయువారు లేరు. తూకమునకు వేయుటకు ముందు తెలిసిన మెకానిక్కు ఒకనికి చూపుడు. ఇంటిలో పెట్టుకొనుటకు చోటు లేకున్నను, ఊరిలోని కళాశాలకో, గ్రంథాలయమునకో ఇచ్చినచో, ఒక తరము ప్రేక్షకులు తమ అభిమాన గాయకుల గొంతును ఎట్లు వినిరో రాబోవు తరము చెవులార విని తెలిసికొనగలదు.